కల్లంలో నా వంతు

ఆ ఏడు మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో వెంకాయమ్మ పిన్ని మిరపకాయలు ఆరబోసుకుంది. ఆ స్థలం గుంటూరులో ఉండే ఒక డాక్టరుగారిది. ఊరి చివర, సత్తెనపల్లి రోడ్డు పక్కన, కాస్త మెరకగా ఉంటుంది. కల్లానికి బాగుంటుందని పిన్ని భర్త గురునాథం బాబాయి వెళ్ళి అడిగి వచ్చాడు. మొదటి కోత కాయ దిగిన రోజు నుంచి, పొద్దున్నే పడకగది కిటికీ తెర తీస్తే అద్దానికి అవతల నేలంతా ఎర్రగా కనిపించేది. ఇవతల మేము చల్లగా ఉండేవాళ్ళం.

కాయలు పోసిన వారానికి పిన్ని నన్ను ప్రహరీ దగ్గరికి కేకేసింది.

"ఒరే త్రినాథూ! మీ గోడకి బిగించిన పెట్టెలోంచి సెగ కొడతందిరా మా కాయల మీదకి."

అది ఏసీ బయటి పెట్టె. నాకు మొహం చెల్లలేదు. "మేడమీదికి మార్పిస్తాలే పిన్నీ, రెండు రోజులు ఓపిక పట్టు" అన్నాను.

"మార్పిత్తావా? నీకేమన్నా మతిపోయిందా? దాని ముందు పోసినయ్యే అన్నిటికన్నా ముందు గలగలమంటన్నయ్. పగలు కూడా వేసుకోండయ్యా, కూసింత పుణ్యముంటది!"

లోపలి నుంచి మా అమ్మ సుబ్బరావమ్మ అందుకుంది. "నీ కాయలు ఆరటానికి నా కొడుకు కరెంటు బిల్లు కట్టాలంటే?"

"కట్టడూ మరి! కోతల్లో నువ్వు సాలు వెనకబడితే వీణ్ణి చంకనేసుకుని మోసింది ఎవరంట?"

ఇద్దరూ నవ్వారు. అమ్మా పిన్నీ సొంత అక్కచెల్లెళ్ళు కారు. ఏళ్ళ తరబడి ఒకే ముఠాలో పత్తి తీతకీ మిరప కోతకీ వెళ్ళినవాళ్ళు. మా నాన్న పోయాక అమ్మ నన్ను ఆ కూలి మీదే చదివించింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నా భార్య జ్యోతిర్మయి మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. ఇద్దరి జీతాలతో ఇల్లు కట్టాం. అమ్మ గదిలో ఏసీ పెట్టాం, ముగ్గురం అక్కడే పడుకునేవాళ్ళం. దసరాకి కారు కొన్నాం. కార్తీకంలో అమ్మని విమానంలో కాశీ తీసుకెళ్ళాను. మబ్బులు తన కాళ్ళ కింద ఉన్నాయని అమ్మ చాలా రోజులు ఊరందరికీ చెప్పింది. అదంతా నాకు గర్వంగానే ఉండేది.

పిన్ని మాటకి నేను కూడా నవ్వాను. కానీ లోపలికి వచ్చి కూర్చున్నాక ఆ నవ్వు నిలవలేదు. గదిలోని వేడి మాయమైపోదు, ఇంకెవరి మీదికో నెట్టబడుతుంది అని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది నేనే. ఎక్కడో బొగ్గు కాలితే ఇక్కడ ఇల్లు చల్లబడుతుందనీ, ఆ పొగ మన మనవలు ముసలివాళ్ళయ్యేదాకా గాలిలోంచి పోదనీ కూడా చెబుతాను. పరీక్షలో రాదు కాబట్టి పిల్లలు రాసుకోరు. ఇన్నేళ్ళు చెప్పినా, నేను కూడా రాసుకోలేదు.

పిన్నీ బాబాయీ సొంతంగా సేద్యం చెయ్యటం అదే మొదలు. ఒకరి చేలో వంగి కోసినవాళ్ళు, నిరుడు చిన్న పొలం చెక్క కౌలుకి తీసుకుని పత్తి వేశారు. ఆ ధైర్యంతో ఈ ఏడు ఇంకాస్త తీసుకుని మిరప వేశారు. "ఈ కాయ నిలబడితే ఆసామి చేను మళ్ళీ మాకే ఇత్తానన్నాడు. లేదా, నడుం విరిగినా మళ్ళీ కోతకి పోవటమే" అనేది పిన్ని. ఆమె నడుం అప్పటికే సగం వంగి ఉంది. అందుకే రెండో కోత కాయ కల్లంలో పడ్డాక ఇద్దరూ అక్కడే గుడిసె వేసుకున్నారు. పొద్దునా సాయంత్రం ఆ కాయల్ని కాళ్ళతో తిరగేస్తూ, చిన్నపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నారు.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అమ్మ గదిలో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. చల్లదనం పోకుండా కిటికీలన్నీ మూసి ఉన్నాయి. జ్యోతిర్మయి తలుపు తీసి, "ఏమండీ, మిట్టమధ్యాహ్నం ఈ చీకటేంటి?" అంది. బయటికి వచ్చేసరికి గాలి మొదలైంది. పడమటి ఆకాశం చూస్తే నల్లగా ఉంది. ముగ్గురం చెప్పులు లేకుండా పరిగెత్తాం.

కాయల్ని కుప్పగా లాగటానికి టైము దొరకలేదు. ఉన్నవి ఉన్నట్టే పట్టాలు కప్పాం. జ్యోతిర్మయి చీర ఎగదోపుకుని ఒక కొస మీద కూర్చుంది, ఇంకో కొస మీద నేను. బాబాయి రాళ్ళు మోశాడు. అమ్మ, "అటు పక్క లేచిపోతందే! అటు, అటు!" అని గొంతు పోయేలా అరిచింది. ఆ గాలికి పట్టా మమ్మల్ని కూడా ఎత్తబోయింది. చినుకులు పడ్డాయి, వెంటనే వడగళ్ళు. పట్టా నా కింద నుంచి ఊడిపోయి కరెంటు స్తంభానికి చుట్టుకుంది. పిన్ని చేతులు చాచి కాయల మీద బోర్లా పడుకుంది. తన ఒళ్ళంత మేర కూడా ఆగలేదు వాన.

తగ్గాక నీళ్ళలో ఎర్రగా తేలుతున్న కాయల్ని దోసిళ్ళతో ఎత్తాం. జ్యోతిర్మయి ఇంట్లో ఉన్న పాత చీరలూ దుప్పట్లూ అన్నీ తెచ్చి పరిచింది.

ఒకటి చెప్పాలి. ఆ వానకి ఫలానా పొగే కారణమని ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. వేళగాని వానలు మా నాన్న రోజుల్లోనూ పడ్డాయి. ఇప్పుడు ఎక్కువయ్యాయి, ఇంకా ఎక్కువవుతాయి, అందులో మనుషుల చెయ్యి ఉంది, అంతవరకే నేను చదువుకున్న చదువు చెబుతుంది. ఆ చేతుల్లో నాది ఒకటి. ఆ పిసరంత తెలిసినందుకే నాకు నిద్ర పట్టలేదు. తెలియనట్టు ఉండటం నాకు చేతకాలేదు.

మూడు రోజులకి కాయ రంగు తిరగటం మొదలుపెట్టింది. తడిసిన కాయ తెల్లబడి తాలు అవుతుంది. తాలుని వెంటవెంటనే ఏరి పారేస్తేనే మిగతా కాయకి బూజు పట్టకుండా ఉంటుంది. కానీ ఊళ్ళో అందరి కల్లాలూ తడిశాయి. ఎంత కూలి ఇస్తామన్నా మనిషి దొరకలేదు. పిన్నీ బాబాయీ ఇద్దరే కుప్పకి చెరో పక్కన కూర్చున్నారు.

ఇంటర్ పరీక్షలు జరుగుతున్నాయి కాబట్టి నేను డ్యూటీ చూసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాణ్ణి. అన్నం తిని, లుంగీ కట్టుకుని, ముక్కుకి తువాలు చుట్టుకుని వెళ్ళి కుప్ప దగ్గర కూర్చున్నాను.

"ఏంది సారూ, దారి తప్పావా?" అంది పిన్ని.

"తాలు ఏరతాను."

"ఆడోళ్ళ పనిరా అది. నవ్వుతారు."

"నవ్వనీ."

కాసేపు చూసింది. నేను లేవకపోయేసరికి చెయ్యి ఆపి అడిగింది. "కూలికా, బదులుకా?"

మా వైపు ఒకరి పంట మీద ఇంకొకరు చెయ్యి వెయ్యటానికి ఈ రెండే దారులు. కూలి అయితే సాయంత్రం చేతిలో పెట్టి పంపుతారు. బదులైతే, ఇవాళ మీరు మాకు చేసినదానికి మరో రోజు మేము వచ్చి మీకు చేస్తాం. మధ్యలో ఇంకేమీ ఉండదు.

"రెండూ కాదు పిన్నీ. ఊరికే."

ఆమె మొహం ఎర్రబడింది. "ఊరికే చేయించుకోటానికి మా ఇంట్లో ఎవరు పోయారురా? ఊరికే చేసేది శవం లేచిన ఇంట్లో."

"అబ్బ, గొడవెందుకే" అన్నాడు బాబాయి. "బదులనుకో. ముందు కాయ చూడు."

"వాళ్ళకి చేనెక్కడుంది బదులు తీర్చటానికి?"

"ఏదో ఒక పని ఉండకపోద్దా. ఏరు నాయనా, ఏరు."

అలా ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నాలు కల్లంలో కూర్చున్నాను. మొదటి సాయంత్రమే చేతులు భగభగ మండాయి. ఆ చేతుల్ని అమ్మే చూసింది. కొబ్బరినూనె గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది గానీ రాయలేదు. గుమ్మంలో నిలబడి అంది:

"ఆ కాయల్లో నేను కూర్చుంది నువ్వు కూర్చోగూడదని గదరా."

"తెలుసమ్మా."

"తెలిస్తే మరి?"

నా దగ్గర జవాబు ఉంది. కానీ అది చెప్పాలంటే ఆ గది గురించీ, ఆ కాశీ ప్రయాణం గురించీ చెప్పాలి. జీవితంలో అమ్మకి దక్కినవి ఆ రెండే. "వెంకాయమ్మ పిన్నికి మనుషులు దొరకటం లేదు గదమ్మా" అని మాత్రం అన్నాను. అదీ నిజమే. అమ్మ నమ్మలేదు.

కారు కూడా తీయటం మానేశాను. పొద్దున్నే రోడ్డు మీద నిలబడి బస్సెక్కేవాణ్ణి. దాంతో ఊరికి పని దొరికింది. "ఫైనాన్సోళ్ళు లాక్కెళ్ళారంటగా మాస్టారూ?" అని టీ కొట్టు దగ్గర ఒకడు. "సర్పంచికి నిలబడతాడురా, చూస్తా ఉండండి. కల్లాల్లోంచే మొదలుపెట్టాడు" అని ఇంకొకడు. డాక్టరుగారి స్థలం మీద కన్నేశానని మూడో మాట పుట్టింది. జ్యోతిర్మయికి ఆఫీసులో ఈ మాటలన్నీ చేరేవి. ఇంటికి వచ్చి ఒక్కొక్కటీ చెప్పి, "ఇందులో ఏది నిజమో నాకన్నా చెప్పండి" అనేది. మొదట్లో నవ్వుతూనే అనేది.

లెక్కల లెక్చరర్ జాన్ బాషాకి మాత్రం నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాలేజీలో నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు. స్టాఫ్ రూములో అన్నం తింటూ అంతా విన్నాడు.

"నువ్వు కారు కొనలేదనుకో. ఏసీ పెట్టలేదనుకో. ఆ వాన పడకుండా ఉండేదా?"

"పడేది."

"ఒక్క చినుకు తగ్గేదా?"

"తగ్గేది కాదు."

"మరి ఇంకేంది నీ బాధ? సున్నాకి దగ్గరగా ఉన్నదాన్ని సున్నా కింద తీసెయ్యమని పిల్లలకి నేర్పేది మనమే గదరా."

"కుప్పని చూస్తే ఒక్క కాయ లెక్కలోకి రాదు బాషా. ఏరటానికి కూర్చుంటే చేతికి వచ్చేది ఒక్కొక్క కాయే."

"ఏరటానికి ఎవడు కూర్చున్నాడు, నువ్వు తప్ప?" అన్నాడు. తన బాక్సులోంచి ఒక కోడిముక్క నా పళ్ళెంలో వేశాడు. "తిను. చిక్కిపోతన్నావు."

అతను ఎగతాళికి అనలేదు. ఆ మాట పట్టుకునే ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వచ్చాను. రోడ్డుకి రెండు పక్కలా కల్లాలు. ఎర్రగా ఉండాల్సినవి ఎక్కడికక్కడ తెల్లగా మచ్చలు పడి ఉన్నాయి. బస్సులో ఉన్న అందరూ అటే చూస్తున్నారు. నాలాగా చూస్తున్నవాడు ఒక్కడన్నా ఉన్నాడా అని అందరి మొహాలూ వెతికాను.

ఎంత ఏరినా తాలు కుప్పే పెరిగింది. ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం పిన్ని చేతిలో కాయని విరిచి చూసింది. లోపల గింజ నల్లబడి ఉంది. దాన్ని అవతల పారేసి, "ఏ జన్మలో ఏం పాపం చేశానో" అంది.

అప్పటిదాకా ఆపుకున్నది అప్పుడు ఆగలేదు.

"నువ్వు కాదు పిన్నీ."

"ఏంది నేను కాదు?"

చెప్పాను. క్లాసులో చెప్పేదానికన్నా తేలిక మాటల్లో, బొగ్గు దగ్గర నుంచి వాన దాకా. మా ఇల్లు, కారు, విమానం అన్నీ చెప్పాను. ఆమె ఏరుతూనే వింది. అయిపోయాక తలెత్తింది.

"అంటే, వాన నువ్వు కురిపించావా?"

"నేనొక్కణ్ణే కాదు. చాలామందిమి. అందులో నా వంతు ఉంది. నీకన్నా నాది చాలా ఎక్కువ ఉంది. అందుకే వచ్చి కూర్చుంటున్నా."

బాబాయి పెద్దగా నవ్వాడు. "అయితే వచ్చే ఏడు ఒక మాట ముందు చెప్పు నాయనా, పట్టాలు గట్టిగా కట్టుకుంటాం!"

పిన్ని నవ్వలేదు. "నిరుడు పత్తి అయిపోయాక ఆ కంపంతా చేలోనే తగలబెట్టాం. అది కూడా కలిసిందా ఇందులో?"

నేను అబద్ధం చెప్పలేకపోయాను. "కొంచెం."

"అంటే నా కాయ మీద నేనే పోసుకున్నానంటావు."

"అట్టా కాదు పిన్నీ..."

"అట్టానే అన్నావు." చేతులు కొంగుకి తుడుచుకుంది. "దేవుడు కొట్టాడంటే ఓర్చుకుంటానురా. నలుగురితోపాటు నాకూ అనుకుంటా. సుబ్బరావమ్మక్క కొడుకు కొట్టాడంటే ఎట్టా ఓర్చుకోను? రేపటి నుంచి మీ ఇంటి వైపు చూడాలా వద్దా నేను? మీ అమ్మ మొహం ఎట్టా చూడాలి?"

బాబాయి నవ్వు ఆపేశాడు.

"ఇంకెప్పుడూ ఆ మాట నా దగ్గర అనమాక" అంది పిన్ని. "ఏరితే ఏరు, లేకపోతే ఇంటికి పో."

ఏరాను. అంతకన్నా చెయ్యగలిగింది లేదు. ఆ తరవాత కల్లంలో మాటలు తగ్గిపోయాయి. ముగ్గురం కూర్చునేవాళ్ళం, మధ్యలో కుప్ప ఉండేది. ఘాటుకి ఎవరో ఒకరు తుమ్మేవాళ్ళు.

ఎండలు ముదిరాయి. నేను అమ్మ గదిలోంచి నా చాప తెచ్చుకుని హాల్లో పడుకోవటం మొదలుపెట్టాను. ఎవరినీ ఏమీ అనలేదు, ఏసీ ఆపమనలేదు. నా ఒక్కడి సంగతి నేను చూసుకుంటున్నాను అనుకున్నాను. అలా ఒక ఇంట్లో కుదరదని నాకు తెలియలేదు.

నాలుగైదు రోజులు చూసి ఒక పొద్దున జ్యోతిర్మయి కాఫీ నా ముందు పెట్టి కూర్చుంది.

"మీరు బయట పడుకుంటే లోపల మాకు చల్లగా ఉంటుందనుకుంటున్నారా?"

"నేను మిమ్మల్నేమీ అనలేదు జ్యోతీ."

"అనక్కర్లేదు. పొద్దున లేచి చెమటలు తుడుచుకుంటూ మా ముందు నుంచి నడుస్తున్నారు చూడండి, అది చాలు." ఆమె గొంతు పెంచలేదు. "మా అమ్మ పత్తి కంప పొయ్యిలో పెట్టి ఊది ఊది కళ్ళు పోగొట్టుకుంది. మీ అమ్మ ఎండలో వంగి వంగి ఇలా అయింది. మన రెండు ఇళ్ళలో చల్లగాలి తగిలిన మొదటి ఆడవాళ్ళం మేమిద్దరం. తరతరాలుగా కార్లలో తిరిగినవాళ్ళు ఎవరూ లెక్క చూసుకోలేదు. మన వంతు వచ్చేసరికి మీకు పాఠం గుర్తొచ్చింది."

"వాళ్ళ లెక్క వాళ్ళది."

"మరి మాది? మాది మాకు వదిలెయ్యరేం?"

ఆమె అన్నదాంట్లో నాకు తప్పు కనిపించలేదు. నేను అనుకుంటున్నదాంట్లోనూ కనిపించలేదు. ఎవరో ఒకరు తప్పయితే మాట్లాడుకోటానికి తేలికగా ఉండేది. కాఫీ తాగాను. ఆమె గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు నేను లేచేసరికి పక్కన ఇంకో చాప ఉంది. అమ్మ.

"లోపల పడుకో అమ్మా, ఉక్కగా ఉంది."

"నువ్వు లేవా ఇక్కడ?"

"నా సంగతి వేరు."

"నాకూ ఉక్క కొత్తా ఏంది?" అని అటు తిరిగి పడుకుంది. ఆ రాత్రీ అక్కడే, మరుసటి రాత్రీ అక్కడే. ఎంత బతిమాలినా లోపలికి వెళ్ళలేదు. మూడో రోజు మధ్యాహ్నం నేను కల్లంలో ఉండగా జ్యోతిర్మయి గోడ మీద నుంచి పిలిచింది. వెళ్ళేసరికి అమ్మ వంటగది గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం కందిపోయి ఉంది. కళ్ళు తిరిగాయంట. పిన్ని కూడా నా వెనకే వచ్చింది. తడిగుడ్డతో అమ్మ మెడ తుడుస్తూ నా వైపు ఒకసారి చూసింది.

అమ్మని గదిలోకి నడిపించాం. కిటికీలు నేనే మూశాను. రిమోటు తీసుకుని ఏసీ నేనే వేశాను. అమ్మ కళ్ళు మూసుకునే, "నువ్వు?" అంది. "ఇక్కడే అమ్మా" అన్నాను. ఆ రాత్రి నా చాప మళ్ళీ ఆ గదిలోనే పడింది. దాని గురించి మా ఇంట్లో ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. చాలా మాటలు అలాగే మాట్లాడకుండా ఉండిపోవటం అప్పటి నుంచే మాకు అలవాటయింది.

పిన్ని కాయ గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళింది. అందులో సగానికి పైగా తాలు కిందే పోయింది. ఆసామి చేను ఇంకొకరికి ఇచ్చాడు. ఎవరో తెలిసినవాళ్ళు చెబితే గుంటూరులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా బాబాయి కుదిరాడు. పిన్ని కూడా అక్కడే మెట్లు తుడవాలి.

మే నెలలో కాలేజీకి సెలవులు. ఒక పొద్దున పిన్ని చేట పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, ఏడాది కారానికి కాయలు తొడిమలు తీశారా?"

"ఇంకా లేదే. ఇవాళ రేపు అనుకుంటన్నా."

"అయితే నేను తీత్తా. మీ వాడి బదులుంది మా మీద. ఊరు వదిలి పోయేటప్పుడు ఉంచుకోగూడదు."

నేను గదిలోంచి బయటికి వచ్చాను. "పిన్నీ, అది బదులు కాదని..."

"నువ్వు నోరు ముయ్యి" అంది.

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో చాలా రోజుల తరవాత తేలికదనం కనిపించింది. కొడుకు కల్లంలో కూర్చున్నదానికి ఆమెకి అర్థమయ్యే పేరు ఇప్పటికి దొరికింది. "రావే, కూర్చో" అని పీట వాల్చింది.

ఎండగా ఉంది గదా అని జ్యోతిర్మయి ఇద్దరినీ గదిలోకి పిలిచి ఏసీ వేసింది. కాసేపటికి లోపల నుంచి తుమ్ములు, దగ్గులు, మధ్యలో నవ్వులు. తలుపులు మూసిన గదిలో మిరప ఘాటు తిరగటానికి చోటు లేక ఇద్దరి ముక్కుల్లోకే వచ్చింది. "ఓసినీ, ఈ చల్లపెట్టె మనల్ని చంపుద్దే!" అని పిన్ని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. చివరికి వెనక వసారాలో కూర్చున్నారు. నేను కల్లంలో ఎన్నాళ్ళు కూర్చున్నానో నాకు గుర్తులేదు, ఆమెకి గుర్తుంది. అన్నాళ్ళూ వచ్చింది. తొడిమలు అయ్యాక కాయ దంచింది. దంచటం అయ్యాక చింతపండు పిక్కలు తీసింది. పని లేకపోతే అడిగి మరీ చెప్పించుకుంది. నా కళ్ళ ముందే, నేను ఇచ్చాననుకున్నదాన్ని కొంచెం కొంచెంగా తిరిగి ఇచ్చేస్తోంది. ఆపటానికి నాకు దారి లేదు.

ఆఖరి రోజు సాయంత్రం చేట దులిపి గోడకి ఆనించి, నా ముందుకి వచ్చి నిలబడింది.

"చెప్పు."

"ఏం చెప్పాలి?"

అమ్మ వంటింట్లోంచి అంది. "బదులు తీరితే ముట్టిందనాలిరా. చేయించుకున్నోళ్ళు ఆ మాట అనకపోతే చేసినోళ్ళు గడప దాటగూడదు."

పిన్ని ఎదురుచూస్తోంది. చింతపండు జిగురు ఎండిన వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటోంది. బాబాయి అప్పటికే ఆటోలో మూటలు వేసుకుని రోడ్డు మీద ఉన్నాడు. చీకటి పడకముందే సత్తెనపల్లిలో బస్సెక్కాలి.

"ముట్టింది పిన్నీ" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. "హమ్మయ్య. ఇంక నీకూ మాకూ ఏమీ లేదు." అమ్మ చేతులు పట్టుకుంది, జ్యోతిర్మయి గడ్డం పట్టుకుంది. గడప దాటి, మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగి, "గుంటూరొస్తే రా నాయనా. ఆడా మంచినీళ్ళన్నా ఇత్తాంలే" అంది. ఆటో కదిలింది.

గేటు దగ్గర నిలబడ్డాను. నా నోటితో ఆ మాట నేను అన్నాను. నా పొగ లెక్కకి ముట్టిందని నాతో అనవలసినవాళ్ళు ఎవరో తెలియదు. ఏ ఊళ్ళో ఏ కల్లం దగ్గర ఉన్నారో, అసలు ఇంకా పుట్టారో లేదో. పుట్టినా, నా ఇల్లు ఇదని వాళ్ళకి ఎవరు చెబుతారు?

జ్యోతిర్మయి లోపలి నుంచి పిలిచింది. వెళ్ళాను.